లాటిన్‌లో మరపు : ‘ఒబ్లీవియో’ పదం – అర్థం, వ్యాకరణం, చారిత్రక వినియోగం

ఉపోద్ఘాతం

జ్ఞాపకాన్ని గురించి ప్రాచీన రోమన్ రచయితలు విస్తారంగా రాశారు. వక్తృత్వశాస్త్ర గ్రంథాలలో ధారణ ఒక ప్రత్యేక విభాగం. మరపుకు అటువంటి ప్రత్యేక శాస్త్రం ఏర్పడలేదు. అయినా మరపును తెలిపే ‘ఒబ్లీవియో’ అనే లాటిన్ నామవాచకం వ్యక్తి బలహీనతను చెప్పే మాటగా, కవిసమయంగా, చివరకు రాజశాసనాలలోని పారిభాషిక పదంగా సుమారు రెండు వేల ఏండ్ల చరిత్రను నడిపింది. ఈ పదం గతంలో ఏం జరిగిందో చెప్పడానికి కంటె, జరిగినదాన్ని ఎవరు మరచిపోవాలో చెప్పకుండా ఉండడానికి ఎక్కువగా ఉపయోగపడింది. ఆ వెసులుబాటు దాని వ్యాకరణంలోనే ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లాటిన్ వర్ణమాలలో హ్రస్వదీర్ఘాలకు వేర్వేరు అక్షరాలు లేవు. తెలుగు లిపిలో ఎ, ఏ, ఒ, ఓ భేదం స్పష్టం కనుక లాటిన్ రూపాలను ఇక్కడ వాటి అచ్చుల పరిమాణాన్ని అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వడమైంది. ఈ పదం విషయంలో ఆ భేదం అర్థనిర్ణయానికి కూడా అవసరం.

వ్యుత్పత్తి

‘ఒబ్లీవియో’కు మూలక్రియ ‘ఒబ్లీవీస్కొర్’ (మరచుచున్నాను). ఇందులో ‘ఒబ్’ అనే ఉపసర్గకు ‘మీద, ఎదుట’ అని అర్థం. తరువాతి భాగాన్ని ‘నున్నని’ అనే అర్థమున్న ‘లేవిస్’ విశేషణంతో సంబంధం కలదిగా ఎక్కువమంది భాషావేత్తలు భావిస్తారు. ‘తేలికైన’ అనే అర్థమున్న హ్రస్వ ఎకారపు ‘లెవిస్’ వేరు మాట. ఈ వ్యుత్పత్తి ప్రకారం మరచుట అంటే పైపైన నున్నగా చేయుట, గీతలను పూడ్చివేయుట.

రోమన్ విద్యార్థి మైనపు పలక మీద ఘంటం మొనతో రాసి, ఘంటం రెండో కొస చదునైన భాగంతో ఆ రాతను నున్నగా చెరిపేవాడు. ‘ఘంటాన్ని తిప్పుట’ అన్న లాటిన్ పలుకుబడికి దిద్దుట, చెరుపుట అనే అర్థం ఏర్పడింది ఇందువల్లనే. పదం పుట్టుకకు మైనపు పలకే కారణమని చెప్పలేం. కాని జ్ఞాపకాన్ని మైనపు పలకతో పోల్చడం సిసెరో ‘వక్తను గురించి’ అనే గ్రంథంలోనే ఉంది. కనుక రోమన్ పాఠకునికి ఆ పోలిక అందుబాటులో ఉన్నదే. తాటాకు మీద ఘంటంతో గీసిన అక్షరానికి ఈ సౌలభ్యం లేదు. అక్కడ గీత ఆకులోకి దిగుతుంది, నున్నగా పూడ్చడం కుదరదు.

ఇతర భాషలతో పోల్చినప్పుడు ఈ వ్యుత్పత్తి విశేషం తెలుస్తుంది. సంస్కృతంలో ‘విస్మృతి’ స్మృతి శబ్దాన్ని ఆధారం చేసుకొన్నది. అది స్మృతి తొలగిపోవడం. గ్రీకు ‘అమ్నేస్తియా’లో కూడ జ్ఞాపకార్థక ధాతువుకు ముందు అభావాన్ని తెలిపే ‘అ’ చేరింది. గ్రీకులోని మరో మాట ‘లేథే’ కంటబడకుండా పోవడమనే అర్థమున్న ధాతువునుంచి పుట్టింది. తెలుగులో మఱచు, మఱపు, మఱుఁగు శబ్దాలు మూడింటిలోనూ శకటరేఫ ఉంది. ‘మరుగున పడు’ అనే జాతీయానికి మరచిపోబడు అనే అర్థమూ ఉంది. అంటే తెలుగు పలుకుబడిలో మరపు చాటుకు పోవడానికి దగ్గరగా ఉంది. సంస్కృతపు విస్మృతి లేమి అయితే, తెలుగు మరుగు చాటు అయితే, లాటిన్ ‘ఒబ్లీవియో’ ఒక పని. ఉన్నదానిమీద ఏదో చేయగా కలిగిన ఫలితం. అయితే ఆ పని చేసినవారెవరన్న ప్రశ్నను ఆ పదం తనంతట లేవనెత్తదు.

రూపనిష్పత్తి

‘ఒబ్లీవీస్కొర్’ డెపోనెంట్ క్రియ. అంటే రూపం కర్మణి, అర్థం కర్తరి. సంస్కృత ఆత్మనేపదాన్ని ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొంతవరకు పరిచితమే. దాని భూతకాల రూపం ‘ఒబ్లీతుస్ సుమ్’ (మరచితిని). ‘పూయు’ అనే అర్థంగల ‘ఒబ్లినో’ క్రియకు భూతకృదంతం ‘ఒబ్లితుస్’ (పూయబడిన). మొదటిదానిలో ‘లీ’ దీర్ఘం, రెండోదానిలో ‘లి’ హ్రస్వం. లాటిన్ రాతలో రెండూ ఒకటే. పద్యంలో గురులఘువులు, గద్యంలో సందర్భం మాత్రమే వాటిని వేరుచేస్తాయి.

ఈ క్రియ మరచిన వస్తువును తరచుగా షష్ఠీ విభక్తిలో గ్రహిస్తుంది. ద్వితీయ కూడ ఉంది కాని, వ్యక్తిని మరచుట చెప్పేటప్పుడు షష్ఠి ప్రధానం. జ్ఞాపకముంచుకొను అనే ‘మెమినీ’ క్రియకూ ఇదే నియమం. తెలుగులో ‘అతనిని మరచెను’ అన్నచోట లాటిన్‌లో ‘అతని మరచెను’ అన్నట్టు ఉంటుంది. క్రియనుంచి నామవాచకం పుట్టినప్పుడు ఈ షష్ఠి అలాగే నిలిచింది: ‘తల్లియొక్క ఒబ్లీవియో’ అంటే తల్లిని గూర్చిన మరపు. సందర్భం లేకపోతే అదే మాటకు తల్లికి గల మరపు అని కూడ చెప్పవచ్చు. మరచినవారూ మరపుకు లోనైనవారూ ఒకే విభక్తిలో కలిసిపోయే అవకాశం ఇక్కడ ఏర్పడింది.

లాటిన్‌లో క్రియనుంచి భావార్థక స్త్రీలింగ నామాలు సాధారణంగా భూతకృదంత ప్రాతిపదికనుంచి ‘తియో’ ప్రత్యయంతో ఏర్పడతాయి. ఆ నియమం ప్రకారం ‘ఒబ్లీతియో’ రావలసింది. దానికి బదులు వర్తమాన ప్రాతిపదికకు ‘ఇయో’ చేరి ‘ఒబ్లీవియో’ ఏర్పడింది. ‘ఒపీనియో’ (అభిప్రాయం), ‘లెగియో’ (సైన్యదళం), ‘కొంతాగియో’ (అంటు) మొదలైనవి ఈ చిన్న వర్గానికి చెందినవి. ప్రథమ ‘ఒబ్లీవియో’, ద్వితీయ ‘ఒబ్లీవియోనెమ్’, షష్ఠి ‘ఒబ్లీవియోనిస్’, చతుర్థి ‘ఒబ్లీవియోనీ’. తృతీయా పంచమీ సప్తముల పనులను కలిపి చేసే అబ్లేటివ్ విభక్తిలో ‘ఒబ్లీవియోనె’. బహువచనం అరుదు.

దీనికి తోడుగా ‘ఒబ్లీవియుమ్’ అనే నపుంసక రూపమూ ఉంది. దాని బహువచనం ‘ఒబ్లీవియా’ను కవులు ఎక్కువగా వాడారు. ఏకవచనాన్ని చరిత్రకారుడు టాసిటస్ గద్యంలో వాడాడు. నపుంసక శబ్దపు చతుర్థి, అబ్లేటివ్ రూపాలు కూడ ‘ఒబ్లీవియో’ అనే ఉంటాయి. అందుచేత టాసిటస్ పుటలో ‘ఒబ్లీవియో’ కనిపించినప్పుడు అది స్త్రీలింగ శబ్దపు ప్రథమయా, నపుంసక శబ్దపు అబ్లేటివా అన్నది వాక్యాన్వయం చేతనే తేలుతుంది. మొదటిదైతే మరపు కర్త, రెండోదైతే కరణం.

ఛందస్సు చేసిన నిర్ణయం

నపుంసక బహువచనాన్ని కవులు ఎన్నుకోవడానికి ముఖ్యకారణం ఛందస్సు. లాటిన్ ఇతిహాస కవిత్వానికి వాహకమైన హెక్సామీటర్‌లో చివరి పాదఖండం తప్ప తక్కినవన్నీ భగణమో, రెండు గురువులో కావాలి. గురువుల నడుమ ఒంటి లఘువు నిలవడానికి వీలులేదు. అంటే తెలుగు ఛందస్సు పరిభాషలో రగణం అందులో ఇమడదు. ‘ఒబ్లీవియోనెమ్’లో ‘లీవియో’ సరిగ్గా రగణం. అందుచేత ఈ శబ్దపు ద్వితీయాది రూపాలన్నీ హెక్సామీటర్‌కు బహిష్కృతాలు. చివరి అచ్చు సంధిలో లోపిస్తే తప్ప ప్రథమకూ చోటు లేదు. ‘ఒబ్లీవియా’లో రెండు గురువుల తరువాత రెండు లఘువులు వస్తాయి కనుక చక్కగా ఇముడుతుంది. ‘కొంతాగియో’కు బదులు వర్జిల్ ‘కొంతాగియా’ను వాడినదీ ఇందుకే.

ఈ కారణం ఊహామాత్రం కాదనడానికి హొరేస్ సాక్ష్యం చాలు. హెక్సామీటర్‌లో రాసిన ‘సటైర్’లలో పల్లెటూరి విశ్రాంతిని కోరుతూ ఆయన ‘ఒబ్లీవియా’ అన్నాడు. రగణానికి తావున్న ఐయాంబిక్ పాదం వచ్చినప్పుడు 14వ ‘ఎపోడ్’లో ‘ఒబ్లీవియోనెమ్’ అన్నాడు. ‘ఓడ్’ల నాలుగో భాగంలో ఆల్కేయిక్ వృత్తంలో అరుదైన ‘ఒబ్లీవియోనేస్’ అనే బహువచనాన్నీ వాడాడు. అక్కడ దానికి చేర్చిన విశేషణం ‘లీవిదుస్’. కమిలిన రంగును, అసూయను కూడ తెలిపే ఆ మాటలోని ‘లీవ్’ ధ్వని విశేష్యంలోనూ వినిపిస్తుంది. గణాల కోసం పర్యాయపదాలను మార్చుకోవడం తెలుగు పద్యకవులకు నిత్యకృత్యం కనుక ఇందులో వింత లేదు. కాని ఫలితం గమనింపదగినది. వర్జిల్ ‘ఈనియడ్’ ఆరో సర్గలో పునర్జన్మకు సిద్ధమైన ఆత్మలు లేథే నది వద్ద తాగేది ‘ఒబ్లీవియా’. భావార్థక స్త్రీలింగ ఏకవచనం నపుంసక బహువచనంగా మారేసరికి మరపు తాగదగిన వస్తువులా ఘనీభవించింది.

విభక్తి మారితే మరపు మారుతుంది

‘పట్టుకొను, తీసుకొను’ అనే ‘కపియో’ క్రియతో ఈ శబ్దం కలిసిన రెండు ప్రయోగాలు పోల్చదగినవి. ఏథెన్స్ మహమ్మారిని వర్ణిస్తూ లుక్రీషియస్ ఆరో ఆశ్వాసంలో, కొందరిని సర్వవిషయాల మరపు పట్టుకొన్నదనీ వారు తమను తామే గుర్తించలేకపోయారనీ చెప్పాడు. ఇక్కడ మరపు కర్త, మనిషి కర్మ. పెద్ద ప్లీనీ ‘ప్రకృతి చరిత్ర’ ఏడో సంపుటంలో, ఎత్తైన కప్పునుంచి పడినవాడొకడు తల్లినీ బంధువులనూ మరచాడని చెబుతాడు. మెస్సాలా కొర్వీనుస్ అనే వక్త తన పేరునే మరచాడని అక్కడే ఉంది. ఆ వాక్యంలో మనిషి కర్త, మరపు కర్మ: వాడు మరపును ‘తీసుకొన్నాడు’. రెండూ రోగమో దెబ్బో కలిగించిన మరపులే. క్రియ ఒకటే. కర్తృత్వం మాత్రం అటూ ఇటూ అయింది. ‘అతనికి మరపు వచ్చింది’ అనే తెలుగు వాక్యంలో మనిషి చతుర్థిలోకి తప్పుకొని మరపు కర్తస్థానంలో కూర్చొన్నట్టే, లాటిన్ కూడ అనుభవించువానిని కర్తగా ఉంచాలా వద్దా అన్న విషయంలో ఊగిసలాడింది.

క్రియకు ఈ ఊగిసలాట లేదు. దానికి మరచే కర్త ఎవరో ఉండి తీరాలి. క్రీ.పూ. 58లో హెల్వేషియన్ల దూత దివికోకు తానిచ్చిన సమాధానాన్ని సీజర్ నమోదు చేశాడు. పాత అవమానాన్ని మరచిపోవడానికి తాను ఇష్టపడినా, కొత్త అపకారాల జ్ఞాపకాన్ని ఎలా వదలగలనని ఆ సమాధాన సారాంశం. మరచేది సీజర్. మరవడానికి ఇష్టపడేదీ, నిరాకరించేదీ అతడే.

వ్యక్తి దోషంగా ‘ఒబ్లీవియో’ను చెప్పినప్పుడు కూడ బాధ్యుడు స్పష్టం. క్లాడియస్ చక్రవర్తిలో జనులను ఆశ్చర్యపరచిన లక్షణాలలో దీనిని సుయెటోనియస్ పేర్కొన్నాడు. భార్య మెస్సలీనాకు మరణదండన అమలైన కొద్దికాలానికే ఆయన భోజనానికి కూర్చొని, రాణి ఎందుకు రాలేదని అడిగాడట. తాను మరణదండన విధించినవారినే మరునాడు సంప్రదింపులకూ జూదానికీ పిలిపించి, రానందుకు నిద్రమొద్దులని కబురుపెట్టాడట. ఇక్కడి మరపు మతిమరపే. కాని ఆ మరపు వెనుక చనిపోయినవారున్నారు.

రాజ్యం చేతిలో మరపు

క్రీ.పూ. 44 మార్చి 15న సీజర్ హత్య జరిగింది. 17న టెల్లుస్ దేవాలయంలో సెనేట్ సమావేశమైంది. అదే సంవత్సరం సెప్టెంబరు 2న చేసిన మొదటి ‘ఫిలిప్పిక్’ ప్రసంగంలో సిసెరో ఆనాటి తన ప్రతిపాదనను గుర్తుచేశాడు. ఏథెన్స్ వారి పూర్వోదాహరణను అనుసరించాననీ, వారు వాడిన గ్రీకు మాటనే వాడాననీ, కలహాల జ్ఞాపకాన్నంతటినీ శాశ్వతమైన మరపుతో చెరపవలసినదని అభిప్రాయపడ్డాననీ ఆయన చెప్పాడు. ఈ వాక్యంలో ‘జ్ఞాపకం’ కర్మ. ‘చెరపవలసిన’ అనేది విధ్యర్థక కృదంతం. ‘ఒబ్లీవియోనె’ కరణార్థంలో అబ్లేటివ్. మరచే కర్త లేడు.

ఏథెన్స్ ఉదాహరణ వ్యాకరణం ఇందుకు భిన్నం. ముప్పదిమంది నిరంకుశుల పాలన కూలిన తరువాత క్రీ.పూ. 403లో పౌరులు చేసిన ప్రమాణపాఠాన్ని వక్త ఆండోసిడీస్ ఉదాహరించాడు. అందులోని క్రియ ఉత్తమపురుష ఏకవచనం, వ్యతిరేకార్థకం. ముప్పదిమంది మొదలైన కొందరిని మినహాయించి, ఏ పౌరుని విషయంలోనూ కీడును తలపెట్టుకోనని ఒక్కొక్కడు తన నోటితో పలకాలి. తనకు జ్ఞాపకం లేదని అతడు చెప్పడం లేదు. జ్ఞాపకమున్నా దానిని ఆయుధంగా వాడనని మాట ఇస్తున్నాడు. అటువంటి ప్రమాణం సిసెరో లాటిన్‌లోకి వచ్చేసరికి కర్తలేని నామవాచకమైంది. మాట ఇచ్చినవాడు లేనప్పుడు మాట తప్పినవాడూ ఉండడు. మరుసటి ఏడాది శత్రువుల పేర్ల జాబితాలు వెలువడ్డాయి. క్రీ.పూ. 43 డిసెంబరు 7న సిసెరో స్వయంగా హతుడయ్యాడు.

క్రీ.శ. 96లో డొమీషియన్ హతుడైనప్పుడు అతని పేరున్న శాసనాలను అంతటా చెక్కివేయవలసినదనీ, అతని జ్ఞాపకాన్ని సమూలంగా రద్దుచేయవలసినదనీ సెనేట్ తీర్మానించినట్లు సుయెటోనియస్ రాశాడు. ఆ తీర్మానంలోనూ జ్ఞాపకమే కర్మ, అదే విధ్యర్థక కృదంతం. శాంతి కోసం సిసెరో చేసిన ప్రతిపాదనకూ, శిక్షగా సెనేట్ చేసిన తీర్మానానికీ వాక్యనిర్మాణం ఒక్కటే. క్షమకూ శిక్షకూ నడుమ భేదం ‘ఒబ్లీవియో’ అనే ఒక్క కరణపదంలో ఉంది.

రెండేండ్ల తరువాత, క్రీ.శ. 98లో, టాసిటస్ ‘అగ్రికొలా’ రచించాడు. మౌనం వహించడం ఎంత తమ చేతిలో ఉన్నదో మరచిపోవడమూ అంత తమ చేతిలో ఉండి ఉంటే, మాటతోపాటు జ్ఞాపకాన్ని కూడ పోగొట్టుకొని ఉండేవారమని గ్రంథారంభంలో ఆయన అన్నాడు. అక్కడ వాడినది నామవాచకం కాదు, ‘ఒబ్లీవీస్కీ’ అనే క్రియారూపం. గ్రంథాంతంలో పూర్వులను అనేకులను పాతిపెట్టబోయేదిగా ‘ఒబ్లీవియో’ ప్రథమావిభక్తిలో కనిపిస్తుంది. మనుషులు బుద్ధిపూర్వకంగా మరవలేరు. కాని మరపు తనంతట మనుషులను పాతిపెడుతుంది. సిసెరో చేతిలో కరణమైనది టాసిటస్ చేతిలో కర్త అయింది. దానిని ఎదిరించగలది గ్రంథరచన అని ఆయన విశ్వాసం.

అగస్టీన్ ప్రశ్న

క్రీ.శ. 400 ప్రాంతంలో రచితమైన ‘కన్ఫెషన్స్’ పదో అధ్యాయంలో అగస్టీన్ ఈ పదాన్నే ఒక చిక్కుప్రశ్నగా మార్చాడు. ‘ఒబ్లీవియో’ అనే మాటను పలికినప్పుడు దాని అర్థం తెలుస్తున్నది. జ్ఞాపకం లేకపోతే అర్థం తెలియదు. అయితే మరపు జ్ఞాపకంలో ఉన్నట్లే కదా? మరపు జ్ఞాపకపు లేమి అయినప్పుడు, అది వచ్చిచేరిన చోట జ్ఞాపకం ఎలా నిలుస్తుంది? ఆయన ఈ చిక్కును పూర్తిగా విప్పలేదు. ఈ ప్రశ్న చట్టాలకూ వర్తిస్తుంది. ఫలానా సంఘటనను మరవవలసినదని శాసించాలంటే ఆ సంఘటనను ఆ శాసనంలో పేర్కొనాలి. పేర్కొన్నాక అది పత్రంలో నిలుస్తుంది.

శాసనభాషగా ఒబ్లీవియో

ముప్పదేండ్ల యుద్ధాన్ని ముగించిన 1648 అక్టోబరు 24 నాటి వెస్ట్‌ఫాలియా సంధి లాటిన్‌లో రాయబడింది. ఆ కలహాల ఆరంభంనుంచి మాటలతో, రాతలతో, చేతలతో జరిగినవాటన్నింటికీ ఇరువైపులా శాశ్వతమైన ‘ఒబ్లీవియో’, ‘అమ్నెస్తియా’ కలుగుగాక అని దాని రెండో అధికరణం విధించింది. గ్రీకు, లాటిన్ శబ్దాలు జంటపదంగా స్థిరపడ్డాయి. క్రియ ‘సిత్’, అంటే ‘కలుగుగాక’. ఒబ్లీవియో ప్రథమావిభక్తిలో వాక్యానికి కర్త. మరచేవారి ప్రస్తావన లేకున్నా ‘ఇరువైపులా’ అనే అవ్యయం ఒక సమత్వాన్ని నిలిపింది.

ఇంగ్లండులో రాజరికం పునరుద్ధరణ పొందినప్పుడు 1660లో వెలువడిన క్షమాచట్టం పేరులోనే ‘ఒబ్లివియన్’ చేరింది. గత కలహాల జ్ఞాపకాన్ని మేలుకొలిపే నిందావాక్యాలు మూడేండ్లలోపల పలికితే పెద్దమనిషి అయినచో 10 పౌండ్లు, అంతకు దిగువవాడైతే 40 షిల్లింగులు చెల్లించవలసినదని అది నిర్దేశించింది. మరపును చట్టం శాసించలేదు, మాటను శాసించగలదు. ఈ నిబంధన ఆ సంగతిని ఒప్పుకొన్నది. కాని అదే ప్రభుత్వం రాజవధకు బాధ్యులైనవారిని మినహాయించి, ఆ అక్టోబరులో పదిమందిని ఉరితీయించింది. మొదటి ఛార్లెస్ వధ జరిగిన జనవరి 30ని ఏటేటా ఉపవాసదినంగా పాటించాలని మరో చట్టం చేసింది. ప్రజలు మరవవలసినది ఒకటి, జ్ఞాపకముంచుకోవలసినది మరొకటి అని నిర్ణయించినది రాజ్యం.

ఈ శబ్దం భారతదేశ చరిత్రలోకి వచ్చినది 1858 నవంబరు 1 నాటి విక్టోరియా రాణి ప్రకటనలో. అలహాబాదులో కానింగ్ చదివిన ఆ ప్రకటన, ఆయుధాలు పట్టినవారిలో మినహాయింపులు పోగా తక్కినవారికి క్షమ, ‘ఆమ్నెస్టీ’, ‘ఒబ్లివియన్’ మూడింటినీ వాగ్దానం చేసింది. వారు ఇండ్లకు తిరిగి వెళ్ళి శాంతియుత వృత్తులలో ప్రవేశించాలి. గడువు రాబోయే జనవరి 1. బ్రిటిష్ ప్రజల హత్యలలో పాల్గొన్నవారికి ఇది వర్తించదు. ఇంగ్లీషు పదానికి వెంట వచ్చిన ‘ఆఫ్’ లాటిన్ షష్ఠికి ప్రతినిధి. మరపుకు విషయమైనది రాణిపట్ల, ఆమె కిరీటంపట్ల, గౌరవంపట్ల జరిగిన అపరాధం. వెస్ట్‌ఫాలియాలోని ‘ఇరువైపులా’ ఇక్కడ లేదు. తిరుగుబాటును అణచే క్రమంలో పాలకపక్షం చేసినవి ఆ షష్ఠిలో చేరలేదు. వాటిని ఎవరూ మరవనక్కరలేదు, ఎందుకంటే అవి అపరాధాలుగా పేర్కొనబడనే లేదు. సిసెరో కాలంలో మరచేవాడిని దాచిన శబ్దం 1858లో మరవదగినదేదో నిర్ణయించే హక్కును పాలకునికి కట్టబెట్టింది.

ఉపసంహారం

లాటిన్ నుంచి పుట్టిన భాషలలో మరచు అనే క్రియ ఎక్కువగా ‘ఒబ్లీతుస్’ అనే కృదంతాన్ని ఆధారం చేసుకొన్న జనవ్యవహార రూపంనుంచి వచ్చింది. ఫ్రెంచి ‘ఉబ్లియే’, స్పానిష్ ‘ఓల్విదార్’, రుమేనియన్ ‘ఉయితా’ ఇందుకు ఉదాహరణలు. నిత్యవ్యవహారంలో మనుషులు మరచేవారు కనుక క్రియ ఇళ్ళలో బతికింది. ‘ఒబ్లీవియో’ నామవాచకం ఎక్కువగా గ్రంథాలనూ శాసనాలనూ ఆశ్రయించింది.

తెలుగులోకి ఇటువంటి పాఠాలను అనువదించేవారికి ఈ చరిత్రవల్ల కొన్ని హెచ్చరికలు లభిస్తాయి. క్లాడియస్ విషయంలో ‘మతిమరపు’ సరిపోతుంది. టాసిటస్ గ్రంథాంతంలో ‘మరుగు’ సరిపోతుంది. రాజకీయ పాఠాలలో రెండూ సరిపోవు. అక్కడ అలవాటుగా వాడే ‘క్షమాభిక్ష’ ఆమ్నెస్టీకి స్థిరపడిన అనువాదం. అందులోని ‘భిక్ష’ ఇచ్చేవాడు పైన, పుచ్చుకొనేవాడు కింద ఉన్నారని దాపరికం లేకుండా చెబుతుంది. 1858 ప్రకటన స్వభావానికి అది నిజంగా తగిన మాటే. ఇరుపక్షాలకు వర్తించిన 1648 సంధికి మాత్రం అది తగదు, ‘గతవిస్మరణ’ వంటి సమాసం అవసరం. ఏథెన్స్ ప్రమాణానికి నామవాచకమే వద్దు. ‘తలపెట్టుకోను’ అనే ఉత్తమపురుష క్రియ కావాలి.

తెలుగు ధాతువులకు ఇందులో ఒక అనుకూలత ఉంది. మరచు, మరపించు, మరుగుపడు, మరుగుపరచు అన్న భేదాలు కర్తను ఒక్కొక్క విధంగా చూపుతాయి. ఒక సంఘటన మరుగుపడిందని చరిత్రకారుడు రాసినచోట, అది మరుగుపరచబడిందా అన్న ప్రశ్న ఈ భాషలో ఒక్క ధాతువు మార్పుతో వేయవచ్చు. ‘ఒబ్లీవియో’ ప్రయోగాలను చదివేటప్పుడు వేయవలసిన ప్రశ్న కూడ అదే.